ముందు స్నానం నీళ్లు, తర్వాతే మందు డబ్బా: పిచికారీ రోజున మేం పాటించే క్రమం

పురుగుమందు కొట్టే రోజు పని ఎక్కడ మొదలవుతుందని అడిగితే, మందు కలిపే దగ్గరని చెబుతారు చాలామంది. పిచికారీ చేసేవాళ్లకు జాగ్రత్తలు నేర్పుతూ, వాళ్ల వెంట పొలంలో తిరుగుతూ నేను అలవాటు చేసుకున్న క్రమం దీనికి తలకిందులు. పని ముగిశాక ఆ మనిషి బట్టలు ఎక్కడ విప్పుతాడు, ఏ నీళ్లతో ఒళ్లు కడుక్కుంటాడు, విప్పిన బట్టలు దేంట్లో పడతాయి, వాటిని ఎవరు ఉతుకుతారు? ఈ నాలుగూ తేలేదాకా డబ్బా మూత తీయనివ్వం. పొలంలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒంటికి అంటుకున్న మందు అదే రోజు సాయంత్రం ఇంట్లోకి నడిచి వెళ్తే, దాన్ని మోసేది ఏ గ్లౌజూ లేని పసివాళ్లు.

నేర్పేటప్పుడు మాటలకంటే బాగా పనిచేసేది ఒకటుంది. ట్యాంకులో మందు లేకుండా మామూలు నీళ్లు పోసి, అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలిపి, రోజూ కొట్టినట్టే కొట్టమంటాం. చర్మం మీద మందు ఎక్కడెక్కడ పడుతుందో ఇలా కంటితో చూసే పద్ధతిని 1980లలో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ఫెన్స్కీ అభివృద్ధి చేశారు. చీకటి గదిలో ల్యాంపు వేయగానే తొడల ముందుభాగం అంతా మెరుస్తుంది. అది అందరూ ఊహించేదే. ఊహించనివి చాలా ఉంటాయి: ట్యాంకు ఆనిన నడుము దగ్గర అడ్డంగా ఒక పట్టీ, చెవి వెనక వేలిముద్ర, మంచినీళ్ల సీసా మూత, ఫోన్ తెర, తలుపు గడియ. గ్లౌజు తీశాక లోపలి బొటనవేలు కూడా మెరిస్తే, ఆ గ్లౌజుకు చిల్లు ఉందన్నమాట, లేదా మందు అంటిన చేతినే అందులో పెట్టారన్నమాట. ఆ గదిలోంచి బయటికి వచ్చినవాళ్లకు చేతులు కడుక్కోమని మళ్లీ చెప్పాల్సిన పనిలేదు.

పిచికారీ చేసేవాళ్ల ఒంట్లోకి మందు వెళ్లే పెద్ద దారి ముక్కు కాదు, చర్మం. చర్మం అంతా ఒకేలా పీల్చుకోదు కూడా. పారాథియాన్ అనే మందు మనిషి చర్మంలోంచి ఎంత లోపలికి వెళ్తుందో అమెరికా చర్మవైద్యుడు హోవర్డ్ మైబాక్ బృందం కొలిచి 1971లో ప్రచురించింది. ముంజేయి పీల్చుకున్నదాన్ని 1 అనుకుంటే అరచేయి 1.3, నెత్తి 3.7, నుదురు 4.2, వృషణాల చర్మం 11.8. అంటే మందు అంటిన చేతులతో మూత్రానికి వెళ్లడం, అదే మందును పదకొండు రెట్లు సులువుగా దిగే చోట పూసుకోవడంతో సమానం. కడుక్కోవాల్సింది వెళ్లొచ్చాక మాత్రమే కాదు, వెళ్లేముందు కూడా. ఈ ఒక్క ముక్క అందరికీ చేరితే ఎంతో మేలు.

ముందురోజు సాయంత్రం మూడు పనులు చేస్తాం. మొదటిది లేబుల్ చదవడం. మోతాదు కోసం కాదు, అది ఎలాగూ చూస్తారు. ఏ రకం గ్లౌజులు వేసుకోమన్నారు, కొట్టాక ఎన్ని గంటలు చేలోకి ఎవరూ రాకూడదు, మింగితే, కళ్లలో పడితే ఏం చేయాలి, విరుగుడు ఏమిటి అన్నవి చూడాలి. ఆ లేబుల్‌ను ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోన్లో కూడా ఉంచుతాం. ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఏ మందు అని. దానికి ‘తెల్ల డబ్బాలోది’ అన్న జవాబు పనికిరాదు.

రెండోది పంపును ఉత్తి నీళ్లతో పరీక్షించడం. ట్యాంకు నింపి, ప్రెషర్ ఎక్కించి, అయిదు నిమిషాలు పొడి అట్టముక్క మీద నిలబెడతాం. అట్ట తడిసిందంటే అడుగు కారుతోంది. తర్వాత భుజానికి తగిలించుకుని, ముందుకు వంగి, ట్రిగ్గర్ నొక్కి వదలాలి. వంగినప్పుడు మెడ మీద నీళ్లు పడితే మూత వాషర్ పోయినట్టు. ట్రిగ్గర్ వదిలాక కూడా నాజిల్ కారుతుంటే లోపలి వాల్వులో చెత్త చేరినట్టు. పైపు చివర్లలో చెమ్మ కనిపిస్తే క్లిప్పు బిగించాలి, పైపు పగిలి ఉంటే మార్చాలి. గుడ్డపీలికతో కట్టేయడం మరమ్మతు కాదు, ఆ పీలిక మందు పీల్చుకుని రోజంతా చేతికి పూస్తూనే ఉంటుంది. వీపు తడిపే పంపుతో పనిచేసేవాడికి ఎంత మంచి మాస్కు ఇచ్చినా ప్రయోజనం లేదు.

మూడోది నీళ్లు. అమెరికా నిబంధనల్లో మందు కలిపే, కొట్టే ఒక్కొక్కరికి కడుక్కోవడానికి 3 గ్యాలన్లు, అంటే 11 లీటర్లకు పైగా నీళ్లు సిద్ధంగా ఉండాలని ఉంది. కళ్లకు హాని చేసే మందయితే, కుళాయి లేని చోట కళ్లు కడగడానికి విడిగా 6 గ్యాలన్లు, దాదాపు 23 లీటర్లు. ఎక్కడున్నా ఈ లెక్క పాటించదగ్గదే. పదిహేను నిమిషాలపాటు సన్నని ధారగా కన్ను కడగాలంటే ఒక సీసా నీళ్లు ఏ మూలకూ చాలవు. ఈ నీళ్లు, సబ్బు, పొడి తువ్వాలు, శుభ్రమైన ఒక జత బట్టలు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మందు కలిపే చోటికి దగ్గర్లోనే, కానీ గాలి వచ్చే వైపున పెడతాం.

బట్టల సంగతికొస్తే, పొడవు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, దగ్గర నేతవి. మందు కలిపేటప్పుడు వాటిమీద రబ్బరు లేదా ప్లాస్టిక్ ఏప్రాన్. చేతులకు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లౌజులు, కనీసం 0.38 మిల్లీమీటర్ల మందం, మణికట్టు దాటే పొడవు, లోపల గుడ్డ అస్తరు లేనివి. ఆసుపత్రుల్లో వాడే పల్చటి లేటెక్స్ గ్లౌజులు మందులోని ద్రావకాలకు ఎంతోసేపు ఆగవు. తోలు గ్లౌజులు, నూలు గ్లౌజులు ఇంకా ప్రమాదం, మందును పీల్చుకుని చేతికి అదిమి పెడతాయి. వేసుకునేముందు గ్లౌజులో గాలి నింపి, అంచు మెలితిప్పి నొక్కితే చిల్లు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. కింది పైరు మీద కొట్టేటప్పుడు చొక్కా చేతులు గ్లౌజుల మీదికి రావాలి. తలకంటే ఎత్తున్న కొమ్మల మీద కొట్టేటప్పుడు చొక్కా చేతులు గ్లౌజుల లోపలికి పోవాలి, గ్లౌజు అంచు బయటికి మడవాలి. లేకపోతే చేయి ఎత్తినప్పుడు మందు చంక దాకా కారుతుంది. ప్యాంటు మాత్రం ఎప్పుడూ రబ్బరు బూట్ల బయటే. లోపలికి దోపితే బూటు మందు గిన్నె అవుతుంది.

ముక్కుకు కట్టుకునే గుడ్డ గురించి గట్టిగానే చెబుతాను. అది ఆవిరిని ఆపదు. పైగా తుంపరలకు తడిసి, పెదాల మీద మందు తడిగుడ్డ వేసుకున్నట్టవుతుంది. లేబుల్ రెస్పిరేటర్, అంటే ఫిల్టరు బిగించిన మాస్కు, అడిగితే రెస్పిరేటరే కావాలి. తుంపరలకు, పొడికి రేణువుల ఫిల్టరు చాలు. ఆవిరయ్యే మందులకు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే ఆవిరిని పట్టేసే డబ్బీ, మాస్కుకు ఉండాలి. పెట్టుకున్నాక కార్ట్రిడ్జులను అరచేతులతో మూసి గాలి లోపలికి పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుని అలాగే ఉంటే సరిగ్గా అమరినట్టు. గడ్డం ఉంటే అమరదు. లోపల మందు వాసన తెలిస్తే కార్ట్రిడ్జ్ పని అయిపోయింది, అప్పటికప్పుడే బయటికి వచ్చి మార్చాలి. వాడనప్పుడు గాలి చొరని సంచిలో కట్టిపెట్టకపోతే, గోడకు వేలాడుతూనే అది అరిగిపోతుంది.

రోజంతటిలో అతి ప్రమాదకరమైన పది నిమిషాలు మందు కలిపేవి. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపే మందు, ట్యాంకులో ఉన్నదానికంటే డబ్బాలో 500 రెట్లు చిక్కగా ఉంటుంది. డబ్బాలోంచి చేతిమీద పడ్డ ఒక్క మిల్లీలీటరు, అరలీటరు పిచికారీ నీళ్లు ఒంటిమీద పోసుకోవడంతో సమానం. అందుకే చిక్కటి మందు ముట్టుకునేది ఒక్కరే, గ్లౌజులు, ఏప్రాన్, ముఖానికి షీల్డు పెట్టుకునే. గాలి వీపు వైపు నుంచి రావాలి. డబ్బాను నడుము కంటే కిందే ఉంచి ఒంచాలి, ముఖం ఎత్తున పట్టుకుని కొలవకూడదు. ట్యాంకులో సగం నీళ్లు ముందే ఉండాలి. కొలత గ్లాసు మందుకోసమే విడిగా ఉండాలి, దాన్ని మూడుసార్లు కడిగిన నీళ్లు కూడా ట్యాంకులోకే. నీళ్లు పట్టే గొట్టం చివర ట్యాంకు నీటి మట్టానికి పైనే ఉండాలి. మునిగి ఉంటే మోటారు ఆగినప్పుడు మందు వెనక్కి బావిలోకి పోవచ్చు. ట్యాంకును అంచుదాకా నింపొద్దు, వంగగానే మెడ మీదికి వచ్చేది అదే.

డబ్బా ఖాళీ అయిన నిమిషంలోనే కడిగించాలి, ఎండితే అడుగున గట్టిపడి వదలదు. నాలుగో వంతు నీళ్లు పోసి, మూత బిగించి 30 సెకన్లు కుదిపి, ట్యాంకులోకి ఒంపి, ఇంకో 30 సెకన్లు చుక్కలు కారనివ్వాలి. ఇలా మూడుసార్లు. లీటరు డబ్బాలో 10 మిల్లీలీటర్ల మందు మిగిలిందనుకోండి. 250 మిల్లీలీటర్లతో ఒకసారి కడిగి ఒంపితే, ప్రతిసారీ 10 మిల్లీలీటర్లు అడుగున నిలిచినా, మిగిలే మందు 26లో ఒక వంతు. మూడోసారికి 17,576లో ఒక వంతు. ఆ తర్వాత అడుగున చిల్లు పెడతాం, ఇంకెవరూ దాంట్లో నీళ్లో నూనెలో పట్టుకుపోకుండా. మిగిలిన మందును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చకూడదు. పిల్లలు మందు తాగేసే ప్రమాదాల్లో ఎప్పటినుంచో ఉన్న కారణం ఇది. మందు అసలు డబ్బాలోనే, ఇంటికి దూరంగా, తాళం వేసిన అరలో ఉండాలి. పొడి మందులు పై అరలో, ద్రవాలు కింది అరలో, కారినా పొడిమీద పడకుండా.

కొట్టేటప్పుడు చూసేది గాలి. ఆకులు మెల్లగా కదిలేంత గాలి మంచిది, గంటకు 5 నుంచి 15 కిలోమీటర్లు. బలమైన గాలి చెడ్డదని అందరికీ తెలుసు. ఆకు కదలని సాయంత్రం కూడా చెడ్డదని చాలామందికి తెలియదు. నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర మూతలా నిలిచినప్పుడు సన్నని తుంపర నేలకు దిగకుండా పొగలా తేలి, ఎటో కదిలి ఇళ్లమీదికి పోతుంది. గట్టు మీద ఎవరైనా పొగ పెట్టి ఉంటే చూడండి. పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంటే ఆ పూట కొట్టడం ఆపేయాలి. గాలికి అడ్డంగా నడుస్తూ, గాలి పోయే వైపుకే కొట్టాలి. గాలి పోయే వైపు అంచున మొదలుపెట్టి, ఒక్కో సాలూ గాలి వచ్చే వైపుకు జరగాలి. అప్పుడు తడిసిన పైరులోంచి నడవాల్సిన పని పడదు. గొట్టాన్ని ముందుకు చాచి, కొట్టిన చోటికే నడిచేవాళ్ల తొడలే ల్యాంపు కింద అంతగా మెరిసేది. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకూడదు. జేబులో మెత్తటి బ్రష్షు, ఇంకో నాజిలు ఉంటే ఆ అవసరమే రాదు.

కొట్టడం అయ్యాక వచ్చే అరగంటలో అలసట వల్ల జాగ్రత్త సడలుతుంది. నేను పక్కనే నిలబడి చూసుకునేది ఈ అరగంటనే. ముందు గ్లౌజులు వేసుకునే ఉండి వాటిని సబ్బుతో కడగాలి. తర్వాత బూట్లు, ఏప్రాన్ కడిగి, ఆ కడిగిన గ్లౌజులతోనే విప్పాలి. ఆపైన కళ్లద్దాలు, మాస్కు, చొక్కా, ప్యాంటు. గ్లౌజులు ఇంకోసారి కడిగి, అన్నిటికంటే ఆఖర్న తీయాలి. ముందే గ్లౌజులు తీసేసి వట్టిచేతులతో బూట్లు లాగేవాళ్లకు రోజంతా పడ్డ కష్టం ఆ రెండు నిమిషాల్లో పోతుంది. బట్టలు మూత డబ్బాలో పడాలి. స్నానం పొలంలోనో, ఇంటి బయటి స్నానాలగదిలోనో చేయాలి. మొదట చల్లని లేదా గోరువెచ్చని నీళ్లు, సబ్బు. వేడినీళ్లు, గట్టిగా రుద్దడం చర్మాన్ని మందుకు దారి ఇచ్చేలా చేస్తాయి. తలవెంట్రుకలు, చెవుల వెనక, గోళ్ల కింద, గజ్జలు మరవకూడదు. బిడ్డను ఎత్తుకోవడం, భార్యతో మాట్లాడుతూ చేయి పట్టుకోవడం, అన్నీ దీని తర్వాతే.

ఎందుకింత పట్టింపు అంటే, బయట ఎండ, వాన, సూక్ష్మజీవులు మందును విరిచేస్తాయి. ఇంట్లో దుమ్ములో, పరుపులో ఆ మూడూ లేవు, అక్కడ చేరింది చాలాకాలం ఉంటుంది. నేలమీద పాకే పసివాళ్లు ఆ దుమ్ము అంటిన చేతుల్నే నోట్లో పెట్టుకుంటారు. వాళ్ల బరువుతో పోలిస్తే అది పెద్దవాళ్లకంటే ఎక్కువ మోతాదు. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులను విరగ్గొట్టే పారాక్సొనేజ్ అనే ఎంజైము కూడా చిన్నపిల్లల్లో తక్కువే. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాలను బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు 1999లో మొదలుపెట్టి ఏళ్లతరబడి గమనించారు. 2011లో ప్రచురించిన ఫలితం చదివినప్పటినుంచి మర్చిపోలేకపోతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఆర్గానోఫాస్ఫేట్ అవశేషాలు అతి ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు, అతి తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకంటే, ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువ.

అందుకని ఉతకడం కూడా పిచికారీలో భాగమే, ఉతికేవాళ్లకూ గ్లౌజులు ఉండాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకూడదు, అదే రోజు ఉతకాలి. ముందు విడి బకెట్‌లో జాడించి, తర్వాత వీలైనంత వేడి నీళ్లలో, 60 డిగ్రీలైతే మంచిది, ఎక్కువ డిటర్జెంట్‌తో, రెండుసార్లు. ఎండలో ఆరేయాలి. మిషన్‌లో ఉతికితే తర్వాత బట్టలు వేయకుండా నీళ్లు, డిటర్జెంట్‌తో ఒకసారి తిప్పాలి. బ్లీచింగ్ వల్ల లాభం లేదు. చిక్కటి మందు ఒలికి తడిసిన బట్టను ఉతకొద్దు, పారేయాల్సిందే. ఎన్ని ఉతుకులు ఉతికినా పూర్తిగా పోదు.

చేలోకి మళ్లీ ఎప్పుడు రావాలన్న దగ్గర పొరపాటు ఎక్కువ. లేబుల్ మీద రెండు గడువులుంటాయి. ఒకటి కోతకు ముందు ఆగాల్సిన రోజులు, అది తినేవాళ్ల కోసం. ఇంకొకటి మనుషులు చేలో అడుగుపెట్టడానికి ఆగాల్సిన గంటలు, అది కలుపు తీసేవాళ్ల కోసం, కాయ కోసేవాళ్ల కోసం. మొదటిది అందరూ అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు. మందును బట్టి అది 12 గంటలు కావచ్చు, కొన్ని రోజులూ కావచ్చు. రెండు మందులు కలిపి కొడితే ఏది పెద్దదైతే అది. లేబుల్ మీద ఏమీ లేకపోతే ఆకు పూర్తిగా ఆరాలి, ఆపైన కనీసం 24 గంటలు ఆగుతాం. దారి మొదట్లో బోర్డు పెడతాం, మందు పేరు, కొట్టిన సమయం, ఎప్పుడు రావచ్చో రాసి. చదవలేనివాళ్లకు నోటితో చెబుతాం.

ఒంట్లో బాగోలేదంటే వడదెబ్బా, మందా అన్నది ముందు తేలాలి. ఇన్ని తొడుగులతో వడదెబ్బ తగలడం మామూలే, అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపుతాం. ఎండదెబ్బలో నోరు ఎండిపోతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ అనే రెండు రకాల పురుగుమందులు సోకితే నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, విపరీతమైన చెమట, కడుపులో మెలిపెట్టడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. అనుమానం ఉంటే మందు అనే అనుకోవాలి. బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి, లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడిగేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. మింగితే వాంతి చేయించకూడదు, నూనె, పాలు పట్టకూడదు. మందులోని ద్రావకం వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారితే రెండో ప్రమాదం. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడు లేదు. ఒక గుక్క తాగినవాళ్లు కాసేపు బాగానే కనిపించినా, ఆ కాసేపు చూసి ఆగకూడదు.

ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు తరచూ కొట్టేవాళ్లకు కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించాలి. కోలినెస్టరేజ్ అంటే నరాల పనికి అవసరమైన ఎంజైము, ఈ మందులు దెబ్బతీసేది దాన్నే. సీజన్‌కు ముందు, కనీసం నెల రోజులు ఆ మందులు ముట్టుకోకుండా ఉన్నప్పుడు తీసిన అంకె లేకపోతే, తర్వాతి అంకెను పోల్చడానికి ఏమీ ఉండదు. ఈ పరీక్ష తప్పనిసరి చేసిన కాలిఫోర్నియా పద్ధతినే మేమూ తీసుకున్నాం. అంకె మొదటిదానిలో 80 శాతం కంటే తగ్గితే గ్లౌజుల దగ్గర్నుంచి పంపు వాషర్ దాకా అన్నీ తిరిగి చూస్తాం. ఎర్రకణాల్లో 70 శాతానికి గానీ, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో 60 శాతానికి గానీ పడిపోతే ఆ మనిషికి ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆ మందుల పని ఆపి వేరే పని ఇస్తాం. రెండూ 80 శాతానికి తిరిగొచ్చాకే మళ్లీ ట్యాంకు భుజానికెత్తుకోవాలి.